దేశం చేతిలో లేదు, ఓటు ఉంది: ధర్మశాల యాత్ర

ఆగస్టు 30, ఢిల్లీ

ధర్మశాల అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి క్రికెట్ స్టేడియం, ట్రియుండ్ ట్రెక్, మోమోలు. నేను బయల్దేరింది మాత్రం ఒక పార్లమెంటు కోసం. సొంత భూమి లేదు, పోలీసులు లేరు, జైలు లేదు, ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని ప్రభుత్వంగా గుర్తించలేదు. అయినా అరవై ఏళ్ళు దాటిపోయింది, ప్రవాసంలో ఉన్న టిబెటన్లు ఎన్నికలు పెట్టుకుంటున్నారు, బడ్జెట్ మీద సభలో వాదించుకుంటున్నారు, ఓడినవాళ్ళు దిగిపోయి గెలిచినవాళ్ళకి కుర్చీ ఇస్తున్నారు. సెప్టెంబరు 2 వాళ్ళ ప్రజాస్వామ్య దినోత్సవం. ఆ రోజుకి అక్కడ ఉండాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

హైదరాబాద్ నుంచి ఢిల్లీలో దిగి, రాత్రి బస్సు కోసం మజ్నూ కా టీలా చేరాను. కాశ్మీరీ గేట్ బస్టాండు దాటి కాస్త ముందుకెళ్తే యమున ఒడ్డున ఉన్న టిబెటన్ కాలనీ ఇది. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత ఇరుకు సందులు, వాటిల్లోనే బౌద్ధాలయం, హోటళ్ళు, ట్రావెల్ ఆఫీసులు, లాఫింగ్ బళ్ళు. లాఫింగ్ అంటే పెసల పిండితో చేసే చల్లటి జారుడు నూడుల్స్, పైన వెల్లుల్లి నీళ్ళు, ఎర్రటి కారం నూనె పోసి ఇస్తారు. గుంటూరు నాలుక్కి కూడా ఆ కారం ఆనింది. పక్క బల్ల మీద తెలుగు వినిపించింది, ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటున్న పిల్లలట, ఆదివారాలు ఇక్కడికే వస్తారట.

గుడి ముందు గోడ మీద ఆరేళ్ళ పిల్లవాడి ఫొటో. గెధున్ చోకీ నీమా. 1995 మే 14న దలైలామా అతన్ని పంచెన్ లామాగా, అంటే టిబెటన్ బౌద్ధంలో తన తర్వాత అంత పెద్ద గురువుగా గుర్తించారు, మూడు రోజులకే చైనా అధికారులు తల్లిదండ్రులతో సహా తీసుకెళ్ళిపోయారు. ఇప్పటిదాకా బయటి ప్రపంచానికి కనిపించలేదు. ఆ ఫొటో వయసు మాత్రం పెరగదు, ఎక్కడ చూసినా అదే ఆరేళ్ళ ముఖం. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను, బస్సు వాడు కేకేసేదాకా.

ఆగస్టు 31, మెక్లియోడ్ గంజ్

తెల్లారేసరికి కాంగ్రా దాటాం. ధౌలాధార్ కొండలు మబ్బుల్లో పూర్తిగా మునిగిపోయి ఉన్నాయి, వాన ఆగుతూ పడుతూ. కింద ధర్మశాల నుంచి పైనున్న మెక్లియోడ్ గంజ్‌కి 2022లో మొదలైన రోప్‌వే ఉంది కానీ, సామానుతో ఎందుకని బస్సులోనే పైదాకా వెళ్ళి దిగాను.

జోగీవాడా రోడ్డు మీద ఒక ఇంటి పై అంతస్తులో గది దొరికింది. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి, అందరూ అమాలా అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. నాది గుంటూరు, విజయవాడ పక్కన అని చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "విజయవాడ! ఎంత? తగ్గించు, తగ్గించు!" అని తెలుగులో అందుకున్నారు. ఇరవై ఏళ్ళ పాటు చలికాలంలో విజయవాడ వచ్చి స్వెట్టర్లు అమ్మేవారట. లూధియానాలో సరుకు అప్పు మీద తీసుకుని, మూడు నెలలు ఫుట్‌పాత్ మీద కూర్చుని అమ్మి, సంక్రాంతి అయ్యాక తిరిగొచ్చి అప్పు తీర్చి, మిగిలిన డబ్బుతో పిల్లల్ని చదివించారు. మన ఊళ్ళలో నవంబరు రాగానే డేరాలు వేసుకుని కనిపించే వాళ్ళని నేపాలీలనే అనుకుంటాం చాలామందిమి. వాళ్ళలో చాలామంది టిబెటన్లు.

ఆవిడ పుట్టింది కులూ దగ్గర ఒక రోడ్డు పని గుడారంలో. 1959 మార్చి 17 రాత్రి దలైలామా టిబెట్ రాజధాని లాసా వదిలారు, ఆ నెలాఖరుకి తవాంగ్ వైపు నుంచి మన దేశంలో అడుగుపెట్టారు. వెనకాలే వేల మంది. వాళ్ళలో చాలామందిని హిమాచల్ కొండల్లో రోడ్లు వేసే పనికి పంపారు, ఎత్తు ప్రదేశం వాళ్ళు కింది ఎండలకి తట్టుకోలేరని. అమాలా తల్లిదండ్రులు అలా రాళ్ళు కొట్టినవాళ్ళు.

సాయంత్రం వంటింట్లో థుక్పా, అంటే నూడుల్స్ సూపు, ఉడుకుతుంటే ఆవిడ పెట్టెలోంచి ఒక చిన్న పుస్తకం తీసి చూపించారు. ఆకుపచ్చ అట్ట, అంచులు అరిగిపోయి, లోపల పాత ఫొటో, పేజీల నిండా ఏడాదికొకటి చొప్పున ముద్రలు. ఇదే గ్రీన్ బుక్, 1972 నుంచి ఇస్తున్నారు. ప్రవాస పరిపాలనకి ప్రతి టిబెటన్ ఏటా కట్టే చిన్న మొత్తాన్ని ఛత్రెల్ అంటారు, కట్టిన దానికి గుర్తు ఈ ముద్రలు. మరి కట్టకపోతే? ఎవరూ ఇంటికి రారు, నోటీసు ఇవ్వరు, ఇచ్చే అధికారమూ వాళ్ళకి లేదు. ఓటు మాత్రం ఉండదు. విజయవాడలో బేరం సరిగా లేని ఏడాది కూడా కట్టాను అని ఒక ముద్ర మీద వేలు పెట్టి చూపించారు ఆవిడ. బలవంతంగా వసూలు చేసే శక్తి లేని ప్రభుత్వానికి జనం అప్పు చేసి మరీ పన్ను కట్టడం నేను ఇంకెక్కడా వినలేదు.

సెప్టెంబరు 1, ఖోరా దారి

పొద్దున్నే దలైలామా నివాసం ఉన్న కొండ చుట్టూ ప్రదక్షిణ దారి పట్టాను. ఖోరా అంటారు. దేవదారు చెట్లు, మంత్రాలు చెక్కిన రాళ్ళ గుట్టలు, తిప్పుకుంటూ పోయే ప్రార్థనా చక్రాలు. ముసలివాళ్ళు జపమాల ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఒకాయన ఫోన్లోంచి గట్టిగా ఎవరో వాదిస్తున్న గొంతులు. ప్రవచనం అనుకున్నాను, పలకరిస్తే తెలిసింది, అది పాత పార్లమెంటు సమావేశం రికార్డింగు. మార్చిలో, సెప్టెంబరులో జరిగే సమావేశాలు మొత్తం ప్రసారం చేస్తారు, ఈయన ఖోరా తిరుగుతూ వింటారు.

ఆయన రిటైరైన బడి పంతులు. అందరూ గెన్‌లా అంటున్నారు. అమరావతి పేరెత్తగానే ఆగిపోయారు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈయన వచ్చారట, గుంటూరు నుంచి బస్సులో వెళ్తూ రోడ్డు పక్కన ఆరబోసిన మిరపకాయలు చూసి కొండకి ఎర్ర గుడ్డ కప్పారనుకున్నారట. బుద్ధుడు మొదటిసారి కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ళ నమ్మకం, అందుకే వాళ్ళకి మన కృష్ణ ఒడ్డు కాశీ లాంటిది. ఆ మాటతో మా మధ్య కొత్తదనం పోయింది, ప్రదక్షిణ పూర్తయ్యాక కూడా బెంచీ మీద కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాం.

ఆయన చెప్పినదీ నేను చదివినదీ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే ఈ చరిత్ర తెలియకపోతే రేపటి పండగ అర్థం కాదు. 1960 ఫిబ్రవరిలో బుద్ధగయలో శరణార్థుల ప్రతినిధులు కలిసి ఉంటామని ప్రతిజ్ఞ చేశారు. ఎన్నికైన ప్రతినిధుల సభ పెట్టుకోండని దలైలామా అప్పుడే చెప్పారు. ఆ సెప్టెంబరు 2న 13 మంది ప్రమాణం చేశారు: మూడు ప్రాంతాలకి ముగ్గురేసి, నాలుగు బౌద్ధ సంప్రదాయాలకి ఒక్కొక్కరు. 1963 మార్చి 10న రాజ్యాంగం ముసాయిదా వచ్చింది. సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే దలైలామా అధికారాలని ఒక మండలికి అప్పగించవచ్చని అందులో ఒక నిబంధన. జనం గగ్గోలు పెట్టారు, ఆయన్ని తీసేయడమేమిటి అని. ఆయన మాత్రం ఆ నిబంధన ఉండాల్సిందే అని పట్టుబట్టారు.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాక, 1991లో ప్రవాస టిబెటన్ల చార్టర్, అంటే వాళ్ళకి రాజ్యాంగం లాంటిది, వచ్చింది, మరుసటేడు న్యాయ కమిషన్ వచ్చింది. అంతకుముందు మంత్రుల్ని దలైలామా నియమించేవారు, ఆ పని సభ చేతికొచ్చింది. 2001లో పరిపాలన అధిపతిని జనం నేరుగా ఎన్నుకున్నారు, సాంధాంగ్ రింపోచే గెలిచారు. 2011 మార్చి 10న దలైలామా తన రాజకీయ అధికారం మొత్తం వదిలేస్తున్నానని ప్రకటించారు. సభ వద్దని మొర పెట్టుకుంది, ఆయన వినలేదు, మే నెలాఖరులో చార్టర్ సవరించారు. 1642లో అయిదో దలైలామాతో మొదలైన పాలన అలా ముగిసింది. ఆగస్టులో హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన లోబ్సాంగ్ సంగే పగ్గాలు తీసుకున్నారు. ఆ పదవిని ఇప్పుడు సిక్యాంగ్ అంటారు.

గెన్‌లాని సూటిగా అడిగాను: పైనుంచి ఇస్తే తీసుకున్న ప్రజాస్వామ్యం గట్టిగా నిలబడుతుందా? మనం ఓటు కోసం కొట్లాడాం, జైళ్ళకి పోయాం, మీకు మీ పాలకుడే చేతిలో పెట్టి వద్దన్నా తీసుకోమన్నాడు కదా. ఆయన కోపం తెచ్చుకోలేదు. మొదటి ఎన్నికల్లో మా నాన్నకి ఓటెందుకో తెలియదు, దలైలామా వేయమన్నారు కాబట్టి వేశాడు, నేను నచ్చినవాడికి వేశాను, నా కూతురు ఎవరూ నచ్చలేదని తిట్టి మరీ వేసింది, ఈ తేడా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది అన్నారు. నాకు ఆ జవాబు నచ్చింది. ఇచ్చింది ఎవరైనా, అలవాటు చేసుకున్నది జనమే.

సెప్టెంబరు 2, త్సుగ్లాఖాంగ్

తెల్లవారుజాము నుంచీ వాన. అయినా ఎనిమిదింటికల్లా ప్రధాన ఆలయం ప్రాంగణం నిండిపోయింది. ఆడవాళ్ళు చుపా అనే పొడుగు అంగీ మీద పాంగ్దెన్ అనే చారల ముందు గుడ్డ కట్టుకుని, బడి పిల్లలు యూనిఫాంలో, సన్యాసులు గొడుగుల కింద. మంచుకొండ, రెండు సింహాలు, ఎరుపు నీలం కిరణాలున్న జెండా ఎగరేశారు. టిబెట్‌లో ఇంట్లో ఆ జెండా దొరికితే జైలే. ముందు టిబెట్ గీతం పాడారు, జనగణమన కూడా పాడారు. నా పక్కన నిలబడ్డ పదేళ్ళ పాప రెండూ ఒకే గొంతుతో, ఒక్క మాట తప్పకుండా పాడింది.

తర్వాత కషాగ్ ప్రకటన, అంటే మంత్రివర్గం మాట, దాని తర్వాత పార్లమెంటు ప్రకటన. రెండూ వేరువేరుగా చదవడం నేను గమనించాను. ప్రభుత్వం ఏమంటోందో ఒకరు, సభ ఏమంటోందో ఇంకొకరు. నాకు టిబెటన్ రాదు, పక్కనున్న కుర్రాడు హిందీలో అందిస్తుంటే విన్నాను. ప్రసంగాలు పొడుగ్గానే సాగాయి, ఏ దేశంలోనైనా అంతే. ఆ తర్వాత పిల్లల నాట్యాలు మొదలయ్యాక జనంలో ఊపొచ్చింది, తడి రాళ్ళ మీద పొడుగు చేతుల చొక్కాలు విసురుతూ ఆడుతుంటే ముసలమ్మలు కూర్చున్నచోటే చేతులు కదిపారు.

ఆలయం దగ్గర ఒక స్మారక స్తంభం ఉంది. 2009 నుంచి టిబెట్ లోపల 150 మందికి పైగా నిరసనగా ఆత్మాహుతి చేసుకున్నారు. పండగ రోజు కూడా జనం అక్కడ ఆగి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. ఈ పార్లమెంటు ఎవరి పేరు మీద మాట్లాడుతోందో ఆ జనంలో ఎక్కువమంది దానికి ఓటు వేయలేరు, దాని పేరు పైకి ఎత్తలేరు. అరవై లక్షల మంది అక్కడ, లక్ష చిల్లర మంది ఇక్కడ. ఈ లోటు గురించి నేను మాట్లాడిన ప్రతి టిబెటన్‌కీ తెలుసు, ఒక్కరు కూడా దాన్ని దాచలేదు.

సెప్టెంబరు 3, గాంగ్‌కీ

మెక్లియోడ్ గంజ్‌కీ కింది బజారుకీ మధ్యలో గాంగ్చెన్ కీషాంగ్, అందరూ గాంగ్‌కీ అంటారు. ఆఫీసులు, లైబ్రరీ, మ్యూజియం, పక్కనే నేచుంగ్ మఠం. మనం సచివాలయం అనగానే ఊహించుకునే బందోబస్తు ఏమీ లేదు. పసుపు రంగు భవనాలు, మెట్లు, ఫైళ్ళు పట్టుకుని క్యాంటీనుకి పోతున్న ఉద్యోగులు. హోం, విద్య, ఆరోగ్యం, ఆర్థికం, మతం-సంస్కృతి, భద్రత, విదేశీ సంబంధాలు-సమాచారం, మొత్తం ఏడు శాఖలు. ఎన్నికల కమిషన్, ఆడిట్, ఉద్యోగుల నియామకాల కమిషన్ విడిగా స్వతంత్రంగా ఉంటాయి.

పార్లమెంటులో 45 మంది. ఊ-త్సాంగ్, ఖామ్, ఆమ్దో ప్రాంతాలకి పదేసి మంది, అందులో ప్రాంతానికి ఇద్దరు ఆడవాళ్ళు తప్పనిసరి. నాలుగు బౌద్ధ సంప్రదాయాలకీ టిబెట్ పాత మతం బోన్‌కీ ఇద్దరేసి. ఉత్తర అమెరికాకి ఇద్దరు, ఐరోపాకి ఇద్దరు, ఆస్ట్రేలియా-ఆసియా వైపు ఒకరు. పార్టీలు లేవు. ఎన్నిక రెండు విడతలు, మొదటి విడతలో ఓటరు తనకి తోచిన పేర్లు తానే రాస్తాడు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు రెండో విడతకి వెళ్తారు. అమాలా పది పేర్లు రాయడానికి అరగంట పట్టిందని, వెనక లైన్లో వాళ్ళు విసుక్కున్నారని నిన్న రాత్రి చెప్పారు. 2021లో సిక్యాంగ్ ఎన్నికకి 83 వేల మంది పేర్లు నమోదు చేసుకుంటే 63,991 మంది ఓటేశారు. అంటే 77 శాతం. పెన్పా త్సెరింగ్‌కి 34,324, ప్రత్యర్థి కెల్సాంగ్ దోర్జీ ఔకత్సాంగ్‌కి 28,907. మన నగరాల్లో పోలింగు శాతాలు గుర్తొచ్చి బాధేసింది.

న్యాయ కమిషన్ ఆఫీసు చూపిస్తూ ఒక ఉద్యోగి చెప్పిన సంగతి నాకు ఆసక్తిగా అనిపించింది. వాళ్ళు చూసేది తమలో తమకి వచ్చే సివిల్ తగాదాలే, అదీ మన దేశపు మధ్యవర్తిత్వ చట్టానికి లోబడి. దొంగతనం జరిగితే హిమాచల్ పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సిందే. తీర్పుని అమలు చేయించడానికి లాఠీ లేదు, నలుగురిలో మాట పోతుందన్న భయమొక్కటే.

మన ప్రభుత్వం వైఖరి గురించి కూడా చెప్పాలి. ఉండనిచ్చాం, బళ్ళు కట్టించాం, సెటిల్‌మెంట్లకి భూములిచ్చాం, ఇది చిన్న విషయం కాదు. కానీ 2003లో టిబెట్ స్వయంపాలిత ప్రాంతం చైనాలో భాగమని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. 2018లో మన దేశానికి కృతజ్ఞతగా వాళ్ళు పెట్టుకున్న సభకి వెళ్ళొద్దని అధికారులకి సూచన పోయింది, ఢిల్లీలో జరగాల్సిన సభ ధర్మశాలకి మారింది. థాంక్స్ చెప్పడానికి కూడా చోటు మార్చుకోవాల్సి రావడం నాకు సిగ్గుగా అనిపించింది.

సెప్టెంబరు 4, టీ కొట్టు

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన రోజు ఇదే, రోజంతా ఒక్క చోట కూర్చున్నా. అమాలా మేనల్లుడు తన స్నేహితుల్ని కలుపుతానని గుడి దారిలో ఒక టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఒకడు కర్ణాటకలోని టిబెటన్ సెటిల్‌మెంటు ముండ్‌గోడ్‌లో పుట్టాడు, ఒకమ్మాయిది అక్కడిదే ఇంకో సెటిల్‌మెంటు బైలకుప్పె, ఇంకొకతను పద్నాలుగేళ్ళప్పుడు కొండలు దాటి నేపాల్ మీదుగా వచ్చినవాడు. నేను ప్రాంతాల సీట్ల గురించి అడిగాను. అంతే, మూడు గంటలు.

సంగతేమిటంటే, కర్ణాటకలో పుట్టి, కన్నడం మాట్లాడుతూ, ఖామ్ ఎప్పుడూ చూడని అమ్మాయి ఖామ్ అభ్యర్థులకే ఓటు వేయాలి, ఎందుకంటే తాత అక్కడివాడు. ఉంటున్న సెటిల్‌మెంట్‌కి పార్లమెంటులో తనదంటూ ప్రతినిధి లేడు. బోరు ఎండిపోతే ఏ చితూ దగ్గరికి వెళ్ళాలి అని ఆ అమ్మాయి ప్రశ్న. చితూ అంటే వాళ్ళ ఎంపీ. పైగా ఎన్నికలొస్తే మా ప్రాంతం, మీ ప్రాంతం అని గుంపులు కడతారు, ప్రాంతీయ సంఘాలు మద్దతు జాబితాలు ప్రకటిస్తాయి. సన్యాసులకీ సన్యాసినులకీ ప్రాంతానికొకటి, సంప్రదాయానికొకటి, రెండు ఓట్లు. ఇదెక్కడి న్యాయం అని ఆమె బల్ల మీద కొట్టి మరీ అడిగింది.

కొండలు దాటి వచ్చినవాడు ఆమ్దో మనిషి. అతని వాదన వేరు. చైనా టిబెట్ అని పిలిచేది స్వయంపాలిత ప్రాంతాన్ని మాత్రమే, అంటే ఊ-త్సాంగూ ఖామ్‌లో ఒక ముక్కా. ఆమ్దోలో ఎక్కువ భాగం చింఘైలో, గాన్సూలో కలిపేశారు, ఖామ్‌లో మిగతాది సిచువాన్, యునాన్లలో ఉంది. సగానికి సగం నేల మ్యాపులో టిబెట్ పేరుతో లేదు. దలైలామా ఆ ఊళ్ళలో పుట్టినవారే, తక్త్సేర్ ఇప్పుడు చింఘైలో ఉంది. ఈ సభలో ఆమ్దోకి పది కుర్చీలు ఉన్నంతకాలం మా ఊరు టిబెట్టే అని ఒకచోట రాసి ఉన్నట్టు, అవి తీసేసి సెటిల్‌మెంట్ల లెక్కన పంచుకుంటే మనం కర్ణాటక, హిమాచల్ సంఘాలుగా మిగులుతాం అన్నాడు.

నేను వింటూ కూర్చున్నాను. శ్రీబాగ్ ఒడంబడిక, పెద్దమనుషుల ఒప్పందం వింటూ పెరిగినవాళ్ళకి, ప్రాంతాల మధ్య నమ్మకం కుర్చీల లెక్కలో ఎందుకు దాక్కుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగారు, చెప్పాను: ప్రాంతాల సీట్లు ఉండాలి, వాటి సంఖ్య కొంత తగ్గించి, ఉంటున్న చోటి నుంచి కూడా కొందరిని ఎన్నుకోవాలి. సన్యాసుల రెండో ఓటు నాకు సమంజసంగా అనిపించలేదు, ఆ మాటా అన్నాను. ముండ్‌గోడ్ అబ్బాయి ఒప్పుకోలేదు, మా నాన్న సన్యాసుల మఠం భూమిలోనే వ్యవసాయం నేర్చుకున్నాడు, సంస్కృతిని నిలబెట్టింది మఠాలే, వాళ్ళ గొంతు విడిగా ఉండాలి అన్నాడు.

అక్కడి నుంచి మాట 2021 మీదికి పోయింది. ఆ మార్చిలో వాళ్ళ పార్లమెంటు న్యాయ కమిషనర్లు ముగ్గురినీ తీసేసింది, చార్టర్ ప్రకారం అది చెల్లదని కమిషనర్లు మళ్ళీ పదవుల్లో కూర్చున్నారు. వాళ్ళ దగ్గర ప్రమాణం చేసిన తాత్కాలిక స్పీకరు చేతుల మీదుగా తాము ప్రమాణం చేయబోమని కొత్తగా గెలిచిన సభ్యుల్లో సగానికి దగ్గరగా ఉన్నవాళ్ళు అన్నారు. మే నుంచి అక్టోబరు దాకా సభే కూర్చోలేదు. సిక్యాంగ్ ఉన్నారు గానీ మంత్రుల్ని ఆమోదించే సభ లేదు. చైనా చూసి నవ్వుకుంటుందని పెద్దవాళ్ళు కుమిలిపోయారట. బైలకుప్పె అమ్మాయి మాత్రం, మా వీధిలో చార్టర్ ఎప్పుడూ చదవని వాళ్ళు కూడా అప్పుడు తెరిచి చదివారు, ఏ ఆర్టికల్ ఏమంటుందో కిరాణా కొట్టులో వాదించుకున్నారు అంది. ఆ సభ ఆగిపోయిన నెలలు నిజంగా నష్టమే, కాదనను. కానీ ఆ గొడవలో ఎవరూ ఎవరినీ జైల్లో పెట్టలేదు, అందరూ చివరికి ప్రమాణం చేసి వచ్చి కూర్చున్నారు.

రాంగ్జెన్ గురించి అడగకుండా ఎలా? రాంగ్జెన్ అంటే పూర్తి స్వాతంత్ర్యం. అధికారిక విధానం ఉమేలాం, మధ్యేమార్గం, చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంపాలన. 2002 నుంచి 2010 దాకా తొమ్మిది విడతల చర్చలు జరిగాయి, తర్వాత ఆగిపోయాయి. 1970లో పుట్టిన టిబెటన్ యూత్ కాంగ్రెస్ మాత్రం స్వాతంత్ర్యమే అంటుంది. దలైలామా మాటకి ఎదురు చెప్పినట్టు అవుతుందేమో అని రాంగ్జెన్ గురించి గట్టిగా మాట్లాడటానికి జంకేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని ఆమ్దో అతను ఒప్పుకున్నాడు. ఈ ప్రజాస్వామ్యంలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. గౌరవం ఎక్కడ ఆగుతుందో, నోరు నొక్కడం ఎక్కడ మొదలవుతుందో వాళ్ళే తేల్చుకోవాలి, దలైలామాకి తొంభై వచ్చిన ఈ రోజుల్లో అది వాయిదా వేసే పని కాదు.

సెప్టెంబరు 5, దల్ సరస్సు, తిరుగు బస్సు

పొద్దున టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ బడి వైపు వెళ్ళాను. 1960లో దలైలామా అక్కగారు త్సెరింగ్ దోల్మా 51 మంది పిల్లలతో మొదలుపెట్టారు, ఆవిడ పోయాక చెల్లెలు జెత్సున్ పెమా దశాబ్దాల పాటు నడిపారు. ఒకప్పుడు టిబెట్ నుంచి తల్లిదండ్రులు ఎవరి వెంటో పంపేసిన పిల్లలతో కిటకిటలాడేది. 2008కి ముందు ఏటా రెండు మూడు వేల మంది కొండలు దాటి వచ్చేవాళ్ళు, ఆ ఏడాది నిరసనల తర్వాత సరిహద్దు బిగించేశారు, ఇప్పుడు వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఇక్కడున్నవాళ్ళు కెనడాకి, అమెరికాకి, ఐరోపాకి పోతున్నారు. 2009లో వాళ్ళ జనాభా లెక్క ప్రకారం మన దేశంలో 94 వేల మంది. ఇప్పుడు అంతమంది లేరు, బడుల్లో ఖాళీ బల్లలు చూస్తే తెలుస్తుంది.

ఉన్నవాళ్ళలోనూ ఇంకో ముడి ఉంది. 1950 జనవరి 26కీ 1987 జులై 1కీ మధ్య ఇక్కడ పుట్టినవాళ్ళు చట్టప్రకారం భారత పౌరులే, కోర్టులు చెప్పాయి, 2014లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలో చేర్చుకోమంది. పాస్‌పోర్టు తీసుకోవాలంటే మాత్రం శరణార్థి కాగితాలు అప్పగించాలని, సెటిల్‌మెంటు వదలాలని 2017లో షరతులు పెట్టారు. అమాలా తీసుకోలేదు. ఆవిడ తమ్ముడు తీసుకున్నాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద భోంచేస్తారు, ఈ విషయం ఎత్తరు.

బయల్దేరేముందు ఆవిడ నా మెడలో ఖతా, అంటే తెల్ల కండువా, వేసి, కారం గుంటూరులోనే బాగుంటుంది, ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా అన్నారు. కూతురు టొరంటోలో ఉంది, అక్కడ ఉత్తర అమెరికా సీట్లకి ఓటేస్తుంది, ఎవరికి వేసిందో తల్లికి చెప్పదట.

బస్సులో పక్క సీటు అమ్మాయి బెంగళూరులో నర్సు, సెలవుకి వచ్చి వెళ్తోంది. టీ కొట్టు వాదన మొత్తం చెప్పాను. తండ్రి ఆమ్దో, తల్లి ఊ-త్సాంగ్, అమ్మకీ నాన్నకీ ఎన్నికలొస్తే ఇంట్లోనే ప్రచారమట. మీ వాదనలో మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు అంది, బెంగళూరు, ఢిల్లీలో అద్దె గదుల్లో ఉండే వేల మంది పిల్లలకి సెటిల్‌మెంటూ లేదు, చూసిన ప్రాంతమూ లేదు, మాకు ఏ కుర్చీ? నా దగ్గర జవాబు లేదు. వచ్చే మార్చి సమావేశాల ముందు తన చితూకి ఇదే రాస్తానంది. పఠాన్‌కోట్ రోడ్డులో చాయ్‌కి ఆగినప్పుడు ఫోన్లో మొదలుపెట్టేసింది కూడా, టిబెటన్‌లో రాస్తూ మధ్యలో ఒక మాట తట్టక వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది, అమ్మ ఆ మాట చెప్పి, ఊ-త్సాంగ్ వాళ్ళకి కూడా ఒక కాపీ పంపమంది.